నానమ్మకూ ఒక సెలవు రోజు

మనవడు పుట్టాడన్న కబురు రాగానే ఇంట్లో స్వీట్లు పంచుతారు. పేరు ఏం పెడదామని పది మందిని అడుగుతారు. బారసాలకు ఎవరెవరిని పిలవాలో కాగితం మీద రాసుకుంటారు. కోడలు మళ్లీ పనిలోకి వెళ్లాక బాబును ఎవరు చూసుకోవాలన్నది మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. ‘అమ్మ ఉంది కదా’ అనుకుంటాడు కొడుకు. ‘అత్తమ్మ ఉన్నది కదా’ అనుకుంటుంది కోడలు. ‘నేను ఉన్నాను కదా’ అని ఆమె కూడా అనుకుంటుంది. అలా ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే అరవై ఏళ్లు దాటిన మనిషి మీద రోజుకు పది గంటల పని వచ్చి పడుతుంది.

ఆ పనిలో ఆనందం ఉంది. అలసటా ఉంది. మనవలను పెంచే పెద్దవాళ్ల ఆరోగ్యం దానివల్ల బాగుపడుతుందా, దెబ్బతింటుందా అన్న ప్రశ్న మీద చాలా దేశాల్లో పరిశోధకులు ఏళ్ల తరబడి పని చేశారు. వాళ్లకు దొరికిన జవాబు మన ఇళ్లకు బాగా పనికొస్తుంది. రెండూ జరుగుతాయి. ఎన్ని గంటలు చూస్తున్నారు, ఇష్టపడి చూస్తున్నారా, మధ్యలో విశ్రాంతి దొరుకుతోందా అన్న మూడింటిని బట్టి ఫలితం మారుతుంది. ఈ మూడింటినీ చాలావరకు మన ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

గుడిమల్కాపూర్‌లో ఒక రోజు

గుడిమల్కాపూర్ అనగానే హైదరాబాద్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది పూల మార్కెట్. జాంబాగ్ నుంచి ఈ మార్కెట్ ఇక్కడికి వచ్చాక చుట్టుపక్కల చాలా ఇళ్లకు పూలే బతుకుదెరువయ్యాయి. తెల్లవారకముందే బంతి, చేమంతి, గులాబీ, లిల్లీ మూటలు దిగుతాయి. ఎండ ముదిరేలోపు పెద్ద బేరాలు అయిపోతాయి. ఆ వేళకు మార్కెట్‌లో ఉండాలంటే తల్లి చీకటితోనే ఇల్లు వదలాలి. పూలు కొని, దండలు కట్టి, గుడి ముందో బస్టాపు దగ్గరో అమ్ముకుని ఇల్లు చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. అదే గల్లీలో ఇంకో ఇంటి అమ్మాయి మెహిదీపట్నంలో బస్సెక్కి గచ్చిబౌలి ఆఫీసుకు పోతుంది. ఇద్దరి పనులు వేరు, సంపాదనలు వేరు. పిల్లలను పట్టుకునేది మాత్రం రెండిళ్లలోనూ నానమ్మో, అమ్మమ్మో. పక్కింట్లో అయితే దాదీ, నానీ.

అలాంటి ఇంట్లో ఒక నానమ్మ పొద్దు ఎలా గడుస్తుందో దగ్గరగా చూడండి. కోడలు గడప దాటేటప్పుడే పాప లేస్తుంది. మొహం కడిగి, పాలు కలిపి, తాగించేసరికి నానమ్మ చాయ్ చల్లారిపోతుంది. బీపీ గోళీ టీవీ పక్కన డబ్బాలో ఉంటుంది. ఏదైనా తిన్నాక వేసుకుందామనుకుంటుంది. పాపకు నాలుగు ముద్దలు పెట్టడానికి ముప్పావు గంట పడుతుంది. మధ్యలో పాలవాడు, గ్యాస్ బండి, ఫోను. నేల మీద ఆడుతున్న పాప చేతులు చాపితే ఒక చేయి గోడకు ఆనించి, మోకాలి మీద బరువు వేసి, ఇంకో చేత్తో ఎత్తుకుంటుంది. ఆ లేవడం రోజులో ఎన్నిసార్లో ఆమెకే తెలియదు. పదకొండు గంటలకు తాను తిందామని కూర్చుంటే పాప కొంగు లాగుతుంది. సాయంత్రం కొడుకు వచ్చి ‘గోళీ వేసుకున్నవా అమ్మా’ అని అడిగినప్పుడు గానీ ఆమెకు గుర్తు రాదు.

ఆమెను కష్టపెట్టాలని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ కష్టపడేవాళ్లే. అయినా ఒక మనిషి గోళీ, తిండి, నడక, నిద్ర మెల్లగా పక్కకు జరిగిపోయాయి. ఆ గోళీ సంగతి ఒక్క ఇంటిది కాదు. దేశంలో వయసు పైబడుతున్నవారి మీద జరిగిన పెద్ద సర్వే లాసీ. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతో కలిసి 2017-18లో దీన్ని చేసింది. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా ఇందులో ఉన్నారు. 60 దాటినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు తమకు బీపీ ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపారు. అంటే మన పాపలను ఎత్తుకుంటున్న చేతుల్లో చాలావాటికి రోజూ మందు అవసరం.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

ముందు మంచి కబురు. బెర్లిన్‌లో 70 ఏళ్లు దాటిన 500 మందికి పైగా వృద్ధులను 1990 నుంచి ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. ఆ సమాచారంతో 2017లో వెలువడిన పరిశోధనా పత్రం ప్రకారం, అప్పుడప్పుడు మనవలను చూసుకున్న తాతలు, అమ్మమ్మలు, నానమ్మల్లో సగం మంది మొదటి ఇంటర్వ్యూ జరిగిన దాదాపు పదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారు. ఎవరికీ ఏ సాయమూ చేయనివాళ్లలో సగం మంది ఐదేళ్లలోపే చనిపోయారు. మనవలు లేకపోయినా ఎదిగిన పిల్లలకు, ఇరుగుపొరుగుకు సాయపడినవాళ్లు కూడా ఎక్కువ కాలం బతికారు. అయితే పిల్లల పూర్తి బాధ్యత మోస్తున్నవాళ్లను ఈ అధ్యయనంలో లెక్కలోకి తీసుకోలేదు. సాయం ఒక మోస్తరుగా ఉంటేనే మేలని, శ్రుతి మించితే ఒత్తిడిగా మారుతుందని పరిశోధకులే చెప్పారు.

ఆ మోస్తరు అంటే ఎంత? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 57 నుంచి 68 ఏళ్ల వయసున్న 186 మంది స్త్రీలకు జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం పరీక్షలు పెట్టారు. ఫలితాలు 2014లో వచ్చాయి. వారానికి ఒక రోజు మనవలను చూసుకునే బామ్మలు అందరికంటే బాగా చేశారు. వారానికి ఐదు రోజులు, అంతకంటే ఎక్కువ చూసుకునేవాళ్లు జ్ఞాపకాన్నీ వేగాన్నీ పరీక్షించే ఒక అంశంలో వెనకబడ్డారు. ఎక్కువ సమయం చూసుకునే బామ్మలు తమ పిల్లలు తమ నుంచి మరీ ఎక్కువ ఆశిస్తున్నారని కూడా చెప్పారు. మనసులోని ఆ భారమే పరీక్షలోనూ బయటపడిందేమోనని పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

అమెరికాలో 54 వేల మందికి పైగా నర్సులను నాలుగేళ్లు గమనించిన అధ్యయనం 2003లో అచ్చయింది. వారానికి 9 గంటలు, అంతకుమించి మనవలను చూసుకున్న స్త్రీలలో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. చైనాలో 2012లో వచ్చిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉంది. మనవలను ఎక్కువ భారంతో చూసుకునేవాళ్ల ఆరోగ్యం త్వరగా క్షీణించింది. తేలికపాటి సాయం చేసేవాళ్లకు అది రక్షణగా నిలిచింది.

వీటితో పాటు ఇంకో అధ్యయనాన్నీ గుర్తుంచుకోవాలి. అమెరికాలో దాదాపు 13 వేల మంది తాతయ్యలు, బామ్మల మీద 2007లో వచ్చిన పత్రం ప్రకారం, మనవలను చూసుకోవడం వల్లే ఆరోగ్యం పెద్దగా పాడవుతుందనడానికి ఆధారం దొరకలేదు. చాలామంది అనారోగ్యానికి మూలం అంతకుముందు నుంచీ ఉన్న పేదరికం, జబ్బులు. అలాగే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే మనవలను ఎత్తుకోగలుగుతారు కాబట్టి, మేలు చూపించిన అధ్యయనాల్లోనూ ఆ మేలు మొత్తం మనవల వల్లే వచ్చిందని చెప్పలేం. అందుకే ఏ ఒక్క అంకెనూ పట్టుకుని భయపడవద్దు, మురిసిపోవద్దు. అన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒకటే. మనవలు పెద్దవాళ్లకు మందులాంటివాళ్లు. మోతాదు సరిగా ఉంటే ఆయుష్షు, మించితే నీరసం.

మన దేశంలో, మన ఆర్థిక స్థితిలో వారానికి ఒక రోజే చూస్తానంటే చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. పూలమ్మే కోడలికి జీతంతో కూడిన సెలవు ఉండదు. కాబట్టి గంటలు తగ్గించడం ఒక్కటే మార్గం అనుకోవద్దు. ఉన్న గంటల భారాన్ని తగ్గించడం, మధ్యలో విశ్రాంతి కల్పించడం, పెద్దవాళ్ల మాటకు ఇంట్లో చోటివ్వడం కూడా మార్గాలే. దీనికి ఆస్ట్రేలియాలోనే ఒక రుజువుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనవలను చూసుకునే 54 మంది పెద్దవాళ్లతో ఒక శిక్షణా కార్యక్రమాన్ని పరీక్షించారు. పిల్లల మొండితనాన్ని ఎలా తట్టుకోవాలి, కొడుకు కోడళ్లతో గొడవ పడకుండా ఎలా మాట్లాడాలి, తమ ఒత్తిడిని ఎలా తగ్గించుకోవాలి అన్నవి నేర్పారు. 2014లో వచ్చిన ఫలితాల్లో పిల్లల ప్రవర్తన మెరుగుపడింది, పెద్దవాళ్ల దిగులు, ఆందోళన తగ్గాయి, పిల్లల తల్లిదండ్రులతో వాళ్ల సంబంధమూ బాగుపడింది. ఇంటి మాట సర్దుకుంటే పెద్దవాళ్ల ఆరోగ్యమూ సర్దుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి మెట్టు: వారం కాగితం

ఇంట్లో క్యాలెండర్ ఉంటుంది కదా, పాలు, గ్యాస్ లెక్కలు రాసుకునేది. దాని మీదే ఈ వారం ఒక పని చేయండి. నానమ్మ, అమ్మమ్మ, తాతయ్య ఎవరు బిడ్డను చూసుకుంటున్నారో వాళ్ల పేరు రాసి, ఏ పూట నుంచి ఏ పూట దాకా చూశారో ప్రతి రోజూ రాయండి. రాయడం రాకపోతే పెద్ద మనవరాలితో రాయించండి. పక్కన నాలుగు గుర్తులు పెట్టండి: గోళీ వేళకు వేసుకున్నారా, మధ్యాహ్నం కూర్చుని తిన్నారా, కాసేపు నడుం వాల్చారా, ఇంటి నుంచి తమ కోసం బయటికి వెళ్లారా.

వారం చివర ఆ కాగితాన్ని ఇంట్లో అందరూ కలిసి చూడాలి. చాలా ఇళ్లలో కొడుకులకు అప్పుడు గానీ అమ్మ పని ఎంతో తెలియదు. నాలుగో గుర్తు ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా పడలేదంటే అది మార్చాల్సిన వారమే.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. మునుపు లేని చిరాకు, బిడ్డ మీద అరిచి తర్వాత కన్నీళ్లు పెట్టుకోవడం, పడుకున్నా నిద్ర పట్టకపోవడం, చుట్టాల ఇంటికి పోవడం మానేయడం, తరచూ తలతిరగడం, ఛాతీలో బరువు, మెట్లెక్కుతుంటే ఆయాసం. మొదటివి మనసు అలసిందని చెబుతాయి, చివరివి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెబుతాయి.

రెండో మెట్టు: ఐదు సంగతులు మాట్లాడుకోవాలి

మన పెద్దవాళ్లు అలసటను నోటితో చెప్పరు. చెబితే బిడ్డను వద్దన్నట్టు అవుతుందని భయం. కోడలికి అడగాలని ఉన్నా మాట తప్పు పడుతుందేమోనని జంకు. అందుకే మాట ఎవరు మొదలుపెట్టాలంటే నేను కొడుకు పేరే చెబుతాను, అమ్మమ్మ చూసుకునే ఇంట్లో అయితే కూతురి పేరు. ఆమె కన్నబిడ్డ అడిగితే ఆమెకు తేలిక. అందరూ తిన్నాక, టీవీ ఆపి, బిడ్డ పడుకున్నాక అడగాలి.

మొదటిది వేళలు. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? ఆలస్యమైతే ఎంతసేపు ముందు ఫోన్ చేయాలి? పూల పని చేసే ఇళ్లలో శ్రావణ మాసం, బతుకమ్మ, దసరా, దీపావళి రోజులు వేరు. ఆ సీజన్‌లో తల్లి ఇంట్లో ఉండే గంటలు బాగా తగ్గిపోతాయి. కాబట్టి సీజన్‌కు ముందే పిన్నినో, మేనత్తనో, పక్కింటి ఆమెనో తోడు అడిగి పెట్టుకోవాలి. పండుగ ముంచుకొచ్చాక అడిగితే ఎవరికీ కుదరదు.

రెండోది సెలవు. వారంలో ఒక పూటైనా, కుదిరితే ఒక రోజు, బిడ్డ బాధ్యత ఆమెది కాదని ఇంట్లో అందరికీ తెలియాలి. ఆ రోజు ఆమె గుడికి వెళ్తారో, చెల్లెలి ఇంటికి వెళ్తారో, తలుపేసుకుని పడుకుంటారో ఆమె ఇష్టం. ఆ పూట ఇంటి పని కూడా మీద పెట్టకూడదు.

మూడోది పెంపకం. చాక్లెట్లు ఇవ్వాలా వద్దా, ఫోన్ ఎంతసేపు, కొట్టడం ఉంటుందా, మలబద్ధకానికి ఏం చేయాలి, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. తల్లిదండ్రులు నాలుగైదు ముఖ్యమైన నియమాలు చెప్పాలి, మిగతాది పెద్దవాళ్లకు వదిలేయాలి. బిడ్డ ముందు అత్త కోడలిని గానీ, కోడలు అత్తను గానీ తప్పుపట్టకూడదు. తప్పనిపిస్తే సాయంత్రం మాట్లాడుకోవాలి.

నాలుగోది డబ్బు. పెద్దవాళ్లకు మందులు, చేతి ఖర్చు, ఆటో చార్జీలు ఉంటాయి. నెల మొదట్లో అడగకుండానే ఆమె చేతికి డబ్బు ఇవ్వాలి. దీన్ని జీతమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అడిగి పుచ్చుకోవాల్సిన అవసరం లేకుండా చేయడమే గౌరవం.

ఐదోది ఆపద. ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు బిడ్డను ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేని ఇళ్లలో నానమ్మలు జ్వరంతోనే బిడ్డను ఎత్తుకుంటున్నారు.

మాట ఎలా ఉండాలో ఒక మచ్చు చూడండి.

‘అమ్మా, నీకు వారంల ఏ రోజు తీరిక గావాలె, నువ్వే చెప్పు.’

‘నాకేం తీరిక బిడ్డా, పిల్లతోని పొద్దు పోతున్నది గద.’

‘పొద్దు పోతున్నది సరే. మోకాళ్లు గూడ పోతున్నయి. బేస్తవారం నాకు సెలవు. ఆ దినం పిల్ల నా దగ్గర ఉంటది. నువ్వు వంటింట్లకు గూడ రావద్దు.’

‘మరి పిల్ల ఏడుస్తె?’

‘ఏడుస్తె నేను ఊకుంచుతా. నాకు గూడ అలవాటు గావాలె గదనే.’

ఆ చివరి మాటను కొడుకులు గట్టిగా పట్టుకోవాలి. పిల్లను ఊరుకోబెట్టడం తండ్రికి వస్తే తల్లికీ, నానమ్మకీ ఇద్దరికీ విశ్రాంతి దొరుకుతుంది.

నానమ్మలకూ ఒక మాట. మీరూ నోరు విప్పాలి. ‘నాకు కష్టంగా ఉంది’ అనడానికి మొహమాటం ఉంటే, ‘గురువారం మధ్యాహ్నం నాకు కావాలి’ అని రోజు పేరు పట్టుకుని అడగండి. అలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు, మీకు కావాల్సింది ఏమిటో వాళ్లకూ స్పష్టంగా తెలుస్తుంది.

మూడో మెట్టు: ఒళ్లు కాపాడుకోవడం

బిడ్డను నేల మీద నుంచి ఎత్తేటప్పుడు నడుం వంచి లాగవద్దు. ముందు కుర్చీ మీదో, మంచం అంచునో కూర్చోండి, బిడ్డను దగ్గరికి రమ్మనండి. నడక వచ్చిన బిడ్డ తనే ఎక్కి ఒడిలో కూర్చుంటుంది. పాకే వయసులో అయితే పడక, బట్టలు మార్చే చోటు మీ నడుం ఎత్తులో పెట్టుకోండి. చంకన పెట్టుకుని వంట చేయవద్దు. అది మీ నడుముకూ మంచిది కాదు, బిడ్డకూ ప్రమాదమే.

గోళీల డబ్బాను టీవీ దగ్గర నుంచి తీసేసి, బిడ్డకు అందని ఎత్తులో, రోజూ మీ చేయి తప్పక పడే చోట పెట్టండి. ఏ గోళీ తిన్నాక వేసుకోవాలో, ఏది ముందే వేసుకోవచ్చో డాక్టరును అడిగి, పాలు కలిపే వేళతో ముడిపెట్టుకోండి. బిడ్డ పాలు మరచిపోరు కాబట్టి మీ గోళీ కూడా గుర్తుంటుంది. బిడ్డకు తినిపించాక మిగిలింది తినడం కాదు, మీ కంచం వేరుగా పెట్టుకోండి. బిడ్డ పడుకున్నప్పుడు అంట్లు తోమడం మొదలుపెట్టవద్దు. ఆ అరగంట పడుకోండి.

మనవడి వెనక పరిగెత్తడమే వ్యాయామం అనుకుంటారు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం చెబుతోంది. దాంతో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలం ఇచ్చేవి, మూడు రోజులు తూలి పడకుండా కాళ్లకు పట్టునిచ్చేవి చేయమంటుంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం ఇంట్లోనే చేయవచ్చు. మోకాళ్ల నొప్పి ఉంటే డాక్టరును అడిగి మొదలుపెట్టండి. నడకకు ట్రాఫిక్ లేని పొద్దుటి వేళ మంచిది.

బీపీ, షుగర్ పరీక్షలకు దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి మొదలైన బస్తీ దవాఖానాల్లో డబ్బులు లేకుండానే చూస్తారు. బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లిన రోజే మీ బీపీ కూడా చూపించుకోండి. పిల్లలు తెచ్చే జలుబు, దగ్గు పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల దాకా వెళ్లవచ్చు కాబట్టి, మీ వయసుకు ఏ టీకాలు అవసరమో కూడా అడగండి.

నాలుగో మెట్టు: చూసుకునే గంటలను మంచి గంటలుగా మార్చడం

బిడ్డకు ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే మీకు కాసేపు ఊపిరి ఆడుతుంది, నిజమే. కానీ మీకు మేలు చేసేది మాట, ఆట, కథ. గుడిమల్కాపూర్ లాంటి చోట ఇంకో వరం కూడా ఉంది. గడప దాటితే తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ వినిపిస్తాయి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి ఉన్న 648 మందిని పరీక్షించి 2013లో వెల్లడించిన ఫలితాలు ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. మనవడికి నేర్పితే మతిమరుపు రాదని దీని అర్థం కాదు. జీవితమంతా వాడిన భాషలు మెదడుకు బలం ఇవ్వవచ్చని మాత్రం హైదరాబాద్ పరిశోధన చూపించింది. కాబట్టి పక్కింటి దాదీతో ఉర్దూలో, మనవడితో తెలుగులో మాట్లాడటం మానవద్దు. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గకండి. మీ భాషే బిడ్డకు ఆస్తి.

చేతి పని ఉన్నవాళ్లు ఆ పనిలోకే బిడ్డను తీసుకోండి. నాలుగేళ్ల పిల్ల బంతిపూలను రంగుల వారీగా వేరు చేయగలదు, మూరకు ఎన్ని పూలు పట్టాయో లెక్కపెట్టగలదు. సూది మాత్రం అందనివ్వకండి. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీకి పంపండి. అక్కడ బిడ్డకు తోటి పిల్లలు, ఆట, తిండి దొరుకుతాయి, మీకు రెండు మూడు గంటల ఊరట దొరుకుతుంది. పంపినందుకు బాధ్యత తప్పించుకున్నట్టు ఎవరూ అనుకోనక్కర్లేదు.

తాతయ్యలు కూడా పనిలోకి రావాలి. అంగన్‌వాడీకి దింపడం, తేవడం, స్నానం చేయించడం, కథ చెప్పడం వాళ్లకూ వస్తాయి. బెర్లిన్‌లో ఎక్కువ కాలం బతికినవాళ్లలో తాతలూ ఉన్నారని గుర్తుంచుకోండి.

విమానం ఎక్కేవాళ్ల కోసం

అమెరికాలో కూతురు ప్రసవిస్తే అమ్మ వెళ్తుంది, ఆమె తిరిగి వచ్చేటప్పటికి అత్తగారు బయలుదేరుతారు. మన తెలుగిళ్లలో ఇది మామూలైపోయింది. పర్యాటక వీసా మీద వెళ్లినవారిని సాధారణంగా ఒక్కో విడతకు 6 నెలల వరకు ఉండనిస్తారు. ఆ 6 నెలలు కొందరికి జీవితంలో మంచి రోజులు, కొందరికి నాలుగు గోడల మధ్య గడిచిన రోజులు. తేడా ముందు చేసుకున్న ఏర్పాటులోనే ఉంటుంది.

బయలుదేరే ముందు డాక్టరుకు చూపించుకుని, ఉండే నెలలకు సరిపడా మందులు చీటీతో సహా తీసుకెళ్లండి. ఆరోగ్య బీమా తప్పనిసరి, ఎందుకంటే అక్కడి ప్రభుత్వ వృద్ధుల బీమా పర్యాటకులకు వర్తించదు. ఇదివరకే ఉన్న జబ్బులకు ఆ బీమా ఎంతవరకు పని చేస్తుందో చదివించుకుని వినండి. చలికాలంలో వెళ్తే బయటికి కదలడం కష్టం, వీలైతే వేరే కాలం ఎంచుకోండి. అక్కడున్న కొడుకులకు, కూతుళ్లకు చెప్పాల్సిన మాట ఒకటి: అమ్మానాన్నలకు అక్కడ కారు నడపడం రాదు, మాట్లాడేవాళ్లు ఉండరు. వారానికి ఒకసారైనా తెలుగువాళ్లు కలిసే గుడికో, పార్కుకో తీసుకెళ్లండి. వాళ్లు వచ్చింది మిమ్మల్ని చూడటానికి కూడా.

కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు

మీ అమ్మ ఇచ్చే సాయాన్ని తీసుకునే ముందు మీకు హక్కుగా వచ్చేవాటిని అడిగి తీసుకోండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి అర్హత ఉన్న ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. 50 మంది, అంతకుమించి పని చేసే సంస్థల్లో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చు. మీ ఆఫీసులో అది ఉందా అని అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు, పది మంది కలిసి అడిగితే కదులుతుంది. పూలు కట్టే ఇళ్లలో ఈ హక్కు లేదు కాబట్టి, అక్కడ గల్లీలో నాలుగిళ్లు కలిసి పిల్లలను వంతులవారీగా చూసుకోవడమే దారి. నలుగురు నానమ్మలు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికీ వారంలో కొన్ని ఖాళీ పూటలు మిగులుతాయి.

ఇంట్లో మాట వినేవాళ్లే లేని పెద్దవాళ్లకు 14567 అన్న నంబరు ఉంది. దేశమంతా పని చేసే ఈ ఎల్డర్‌లైన్‌కు తొలి అడుగు పడింది హైదరాబాద్‌లోనే. సలహా కావాలన్నా, సాయం కావాలన్నా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో చట్టమూ వచ్చింది. ఆ నంబరును మీరే మీ అమ్మ ఫోన్‌లో నిల్వ చేసి ఇవ్వండి. ఆమెకు ఎన్నడూ అవసరం పడకుండా చూసుకోవడం మీ పని.

ఈ రాత్రి చేయాల్సింది

పుస్తకం పక్కన పెట్టి, బిడ్డను చూసుకుంటున్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ వారం నీకు ఏ రోజు కష్టంగా అనిపించింది? ఏ పూట నీకు ఖాళీ కావాలి? డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దాం? జవాబులను క్యాలెండర్ మీద రాయండి, సెలవు రోజు చుట్టూ ఎర్ర గీత గీయండి. ఆ రోజు ఎంత పని ఉన్నా, పండుగే వచ్చినా ఆ గీతను చెరపవద్దు. చెరపాల్సి వస్తే అదే వారంలో ఇంకో రోజుకు మార్చండి. మీ బిడ్డకు నానమ్మ చాలా ఏళ్లు కావాలి. అందుకు ఆమెకు వారానికి ఒక రోజు ఇవ్వండి.